రిలే చప్పుడు

పాటల కోసం కారుకు రెండో బ్యాటరీ పెట్టించుకునేవాళ్లను చూస్తే నాకు విసుగు. తిరుత్తణి బైపాస్ పక్కన ఆటో ఎలక్ట్రీషియన్‌గా బతుకుతున్నాను. సీట్ల కింద దూరి దూరి నడుం పోయింది. పరాయివాడైతే ఏదో ఒకటి చెప్పి పంపేసేవాణ్ని. ఆ మధ్యాహ్నం వచ్చింది మా అక్క మొగుడు.

బావది ఆర్.కె.పేట. పవర్‌లూమ్ మగ్గాలు అమ్మేసి బాడుగ కారు తోలుతున్నాడు. ఇల్లు గడిచేది దాని మీదే. డిక్కీ నిండా యాంప్లిఫయరూ, రెండు సబ్‌ఊఫర్లూ. తిరువాలంగాడు స్టేషన్ దగ్గర ఇంజిన్ ఆపి పాటలు పెట్టుకుని కూర్చుంటే బ్యాటరీ దిగిపోయి, బాడుగకు వచ్చినవాళ్లే కారు తోయాల్సి వచ్చిందట.

"సౌండు తగ్గించుకోరాదా బావా?"

"ఉండేదే చాల్లేదురా. నువ్వు ఇంగో బ్యాటరీ ఎయ్యి సామీ."

చేసేదేముంది, ఎండలో సీట్లు పీకాను. ముందు బ్యాటరీ నుంచి డిక్కీలోని కొత్త బ్యాటరీ దాకా బొటనవేలంత కేబుల్ లాగి, రెండు చివర్లా ఫ్యూజులు బిగించాను. మధ్యలో, డాష్‌బోర్డ్ కింద, రిలే పెట్టాను. ఇంజిన్ నడుస్తుంటే అది రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, రెండూ ఛార్జ్ అవుతాయి. ఇంజిన్ ఆపితే విడదీస్తుంది. అప్పుడు పాటలు వెనకదాన్ని ఎంత తాగేసినా, స్టార్ట్ చేయడానికి ముందుది మిగులుతుంది.

"స్టార్ట్ అయినాక టక్కుమనాల బావా. అనకపోతే వెనకది ఛార్జ్ ఎక్కలేదని అర్థం," అన్నాను.

బావ తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. రిలే మాత్రం ఉలకలేదు.

"ఇనపడిందా?"

"ఓ! బాగా ఇనపడినాదిరా," అని తలూపాడు.

రిలేను పని చేయించే సన్న వైరు ఇంకా తగిలించనేలేదు. అది నా చేతిలోనే వేలాడుతోంది. కారు వెనక్కి వెళ్లి "బావా" అన్నాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. ఊహూ.

నా ప్రాణం ఉసూరుమంది. మా మగ్గాలవాళ్ల ఇళ్లలో మాట్లాడటమంటే అరవడమే. షెడ్డులో మగ్గాల మోతకు ఆ అరుపూ చాలక పెదాలు చూసి, చేతి సైగలతో పని గడుపుకుంటాం. మగ్గాలు పోయినా ఆ అలవాటు పోదు. అక్క అరుస్తూనే ఉంటుంది, బావ ఆమె మొహం చూసి జవాబు చెబుతూనే ఉంటాడు. చెవులు పోయాయని ఎవరికి తెలుస్తుంది?

పోగు తెగిందని చెప్పడానికి షెడ్డులో రెండు వేళ్లు విడదీసి చూపించేవాళ్లం. ముందుకు వచ్చి నా చెవి దగ్గర ఆ సైగ చేశాను. బావ మొహం వాడిపోయింది.

"యాడా సెప్పొద్దురా. మీ అక్కకు అసలే వద్దు. తెలిస్తే నా కారెవరు ఎక్కుతారు?"

"మరి ఈ పాటలెందుకు?"

"గుండెకాడ దడదడ అంటాది గదా. ఇప్పుడు నాకు తెలిసేది అదొక్కటే."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. వెనక లారీ హారన్ కొడితే ఈ మనిషికి ఎట్లా తెలుస్తుంది? కార్లో ఎవరి పిల్లలుంటారో.

వైరు తగిలించాను. టక్కుమంది. ఛార్జ్ ఎక్కుతున్నట్టు కంటికి తెలియాలని డాష్‌బోర్డ్ మీద చిన్న పచ్చ లైటు కూడా పెట్టాను. అది వెలగ్గానే బావకు ప్రాణం లేచొచ్చింది. ఇంజిన్ ఆపి చూపించాను, లైటు ఆరింది. తాళం కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

"తిరువళ్లూరు పెద్దాసుపత్రికి పోదాం. చెవులు చూపిద్దాం. కారు నేను తోల్తా," అన్నాను, పెదాలు బాగా కదిలేట్టు, నిదానంగా.

అర్థమైంది. ఇంకో మాట కనపడకుండా మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాడు.

నేను కదల్లేదు. నడుం లాగేస్తున్నా అట్లాగే నిలబడ్డాను. చివరికి ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే పాట పెట్టమని సైగ చేశాడు. పెట్టాను, ఫుల్ సౌండుతో.