గ్రీకు పెద్దాయన, మా బస్సు డ్రైవరు

గల్ఫ్ యుద్ధం ముగిశాక, దమ్మామ్ దగ్గర సైనికులు ఖాళీ చేసిన క్యాంపులో ఏసీలు విప్పే పని మా కంపెనీకి వచ్చింది. అక్కడి చెత్తలో నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది. నా ఇంటర్ చదువుతోనే శుక్రవారాలు కూడబలుక్కుంటూ చదివాను. ఎప్పుడో రోము రాజ్యకాలంలో బతికిన గ్రీకు చరిత్రకారుడు రాసిన జీవితకథలవి. ఒక గ్రీకు వీరుణ్ని, ఒక రోము వీరుణ్ని పక్కపక్కన నిలబెట్టి పోల్చేవాడు.

ముందుమాటలో ఆయన సంగతులు రెండు నన్ను వదల్లేదు. పెద్ద నగరాలు చూసి కూడా తన చిన్న ఊరికే తిరిగొచ్చి ఉండిపోయాడట, తానూ వెళ్లిపోతే ఊరు ఇంకా చిన్నదైపోతుందని. ఇది వినిపిస్తే, మా గదిలో ఉండే జగిత్యాల ప్లంబరు, "ఆయినకు ఊళ్లెనే పని దొరికిందన్నా, అందుకే ఉన్నడు" అన్నాడు. రెండోది, పెద్ద యుద్ధాలకన్నా మనిషి ఆడిన చిన్న పరాచికమే అతని స్వభావాన్ని ఎక్కువ పట్టిస్తుందని ఆయన నమ్మకం.

అది చదవగానే మా పాత బస్సు డ్రైవరు గుర్తొచ్చాడు. కడప వైపు సాయిబు. యుద్ధం రోజుల్లో, సైరన్లతో నిద్రలేక తెల్లారిన ఒక పొద్దున, మా అందరినీ కంపెనీ బస్సులో, దాడులకు దూరంగా ఉండే హుఫూఫ్‌కు తీసుకెళ్లాడు. బయల్దేరే ముందు మావైపు తిరిగి, "టికెట్ లేనోళ్లు దిగండి!" అని అరిచాడు. భయంతో బిగుసుకుపోయిన బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. ఎంత గుండె ధైర్యముంటే అప్పుడా మాట వస్తుందని చాలాకాలం చెప్పుకున్నాం. తర్వాత అతను హుఫూఫ్‌లోనే వేరే పని చూసుకున్నాడు.

నిజంగా అంత ధైర్యవంతుడేనా? తెలుసుకోవాలనిపించింది. ఒక శుక్రవారం టాక్సీ ఎక్కి వెళ్లాను. ఖర్జూరం తోట పక్కన అతని గది. చాయ్ పోసి కూర్చోబెట్టాడు. అడిగాను.

"పరాచికమా? నేనా?" అన్నాడు. నవ్వాడు. "ఆ పొద్దు నాకు కాళ్లు చేతులు వణుకుతాండె అబ్బీ. ఈడికి రాకముందు మా ఊర్లో ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేసినా. బస్సు నిండా జనాన్ని చూసేసరికి పాత మాట నోట్లోంచి వచ్చేసింటాది. మీరు నవ్వితిరి. మీ నవ్వు ఇన్నాక నాకు వణుకు తగ్గె."

అతని భయం తెలిశాక నాకతని మీద ఇష్టం పెరిగింది. తిరుగు దారంతా ఆ గ్రీకు పెద్దాయన గురించే ఆలోచించాను. ఆయన రాసిన వీరుల్లో చాలామంది ఆయన పుట్టకముందే పోయారు. ఆ పరాచికం ఎందుకాడావని ఆయన ఎవరిని అడుగుతాడు?

గదికొచ్చి చెబితే ప్లంబరు ఒప్పుకోలేదు. "భయపడ్డోడు గట్ల నవ్విస్తడా అన్నా? పెద్దమనిషి గనుక గొప్పలు చెప్పుకోలే." ఇంటికి తిరిగొచ్చేశాక ఇప్పటికీ తన ఊళ్లో ఆ బస్సు కథ తనకు నచ్చినట్టే చెబుతాడు. ఈమధ్య అందులో మా బస్సు మీదుగా ఒక మిసైల్ కూడా ఎగిరిపోతోంది.