తమ్ముడికి కట్టిన పాట

పొద్దున్నే మా అమ్మ పాపకి నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, తలకి సాంబ్రాణి పొగ పట్టిస్తుంటే ఆ వాసన గది దాటి, వరండా దాటి, నేను కాఫీ తాగుతూ కూర్చున్న పెరటి మెట్ల దాకా వస్తుంది. పురిటికి పుట్టింటికి వచ్చినదాన్ని, ముప్పై దాటినదాన్ని, కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని. అయినా ఆ పొగ ముక్కుకి తగిలితే చాలు, నాకు ఏడేళ్లయిపోతాయి. అప్పుడు నాలో లేచేదాన్ని ఏడుపంటే సరిపోదు. అది కుళ్లు.

మా ఊరు భీమవరానికి దగ్గర్లో, కాలవ గట్టునే ఉంటుంది. నా చిన్నప్పుడు ఇంటి వెనక తలుపు తీస్తే కంటికి ఆనినంత దూరం వరిచేలే. తొలకరి పడ్డాక ఆకుమళ్ల పచ్చదనం, ఊడ్పుల్లో ఆడవాళ్ల కేకలు, బురద వాసన, చీకటి పడేవేళకి చేలన్నిటా ఒక్కసారిగా అందుకునే కప్పల గోల, చలికాలం కుప్పనూర్పుల దుమ్ము, వేసవిలో వేలితో పొడిచి జుర్రుకునే తాటిముంజలు, మామ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కల మీద కరిగే వెన్న, ఇవే మాకు క్యాలెండరు. నాన్నగారు పొద్దస్తమానం పొలంలో ఉండేవారు. సాయంత్రం కాలవలో మునిగి వచ్చి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద చాప పరిచి, హార్మోనియం పెట్టె మూత తీసేవారు. అప్పటిదాకా అరకతో, ఎరువుల బస్తాలతో వేగి, కూలీల మీద అరిచి అరిచి బొంగురుపోయిన మనిషి, ఆ పెట్టె మెట్ల మీద వేళ్లు పెట్టగానే వేరే మనిషైపోయేవారు.

ఆ పెట్టెకి వెనక గాలి కొట్టే తిత్తి ఉంటుంది. మామూలుగా అందరూ ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ కుడిచేత్తో వాయిస్తారు. నాన్నగారు మాత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తిత్తి నా చేతికిచ్చి, రెండు చేతులతో వాయించేవారు. శనివారం రామాలయంలో భజనకి కూడా నన్నే తీసుకెళ్లేవారు. నేను గాలి కొడితేనే ఆయన పాట నిలబడుతుందని నాకు గట్టి నమ్మకం. అమ్మ రెండో కాన్పుకి పెద్దాపురం అమ్మమ్మగారింటికి వెళ్లిన ఆ వేసవంతా నాన్నగారు నాకొక్కదానికే మిగిలారు. మామిడితాండ్ర చాపల దగ్గర కాకుల్ని తోలుతూ సరళీ వరసలు చెప్పించుకున్నాను. నా గొంతు జారితే ఆయన తిట్టేవారు కాదు, సరైన మెట్టు నొక్కిపట్టి, నేను దాన్ని వెతుక్కుని అందుకునేదాకా నవ్వుతూ చూసేవారు.

ఆషాఢంలో తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. ఇద్దరం బస్సెక్కి పెద్దాపురం వెళ్లాం. ఊళ్లో మరిడమ్మ జాతర జరుగుతోంది. వీధినిండా జనం, పసుపునీళ్ల వాసన, తలల మీద ఊగిపోతున్న అమ్మవారి గరగలు, గుండెల్లో మోగే డప్పులు, ఎండకి మెత్తబడిన జీళ్ల చుట్టూ ఈగలు. డప్పు వినిపిస్తే మా నాన్నగారు నిలబడిపోయే మనిషి. నన్ను భుజానికెత్తుకుని, దెబ్బ దెబ్బకీ నా కాలి మీద వేళ్లతో తాళం వేసేవారు. ఆ రోజు మాత్రం ఎక్కడా ఆగలేదు. నా మణికట్టు పట్టుకుని, జీళ్ల బండి వైపు నా మెడ తిరిగినా చూడకుండా, గబగబా నడిపించుకుపోయారు.

మేం వెళ్లేసరికి అమ్మమ్మ పీట మీద కూర్చుని, చాపుకున్న కాళ్ల మీద వాణ్ణి పడుకోబెట్టి సాంబ్రాణి వేస్తోంది. అమ్మ మంచం మీద ఒరిగి, వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలుపుకుని తింటోంది. నాన్నగారు కాళ్లు కడుక్కుని తిన్నగా వచ్చి చేతులు చాపారు.

"ఇలా ఇవ్వండత్తయ్యా."

వాణ్ణి మోచేతి వంపులో ఇముడ్చుకుని, కిటికీ దగ్గరికి నడిచి, మొదట మూలిగినట్టు చిన్నగా ఏదో రాగం తీశారు. కాసేపటికి దానికి మాటలు వచ్చాయి. కాలవ దాటి వచ్చావా చిన్నా, కప్పల కచేరీ విన్నావా చిన్నా అంటూ, మధ్యలో మా చేలూ, మా ఎడ్లూ, మామ్మ వెన్నకుండా అన్నీ వరసగా వచ్చి చేరాయి. నేనెప్పుడూ వినని పాట. అరుగు మీద ఎన్ని సాయంత్రాలు తిత్తి కొట్టానో, ఒక్కనాడూ ఆ పెట్టెలోంచి రాని పాట.

"బావుందండీ. ఎక్కడ నేర్చారు?" అంది అమ్మ.

"నేర్చిందేం కాదు. వీణ్ణి చూస్తే వచ్చేసింది."

"నాకెప్పుడు కట్టారు నాన్నగారూ?" అన్నాను.

అందరూ నవ్వారు. "అప్పుడే మొదలెట్టిందమ్మా కుళ్లు" అంది అమ్మమ్మ. నాన్నగారు కూడా నవ్వారు. ఆ పాట రెండోసారి మొదలెట్టారు.

అమ్మా తమ్ముడూ మా ఊరు వచ్చేశాక హార్మోనియం అరుగు మీంచి లోపలికి, ఉయ్యాల పక్కకి చేరింది. మొదటి సాయంత్రం నాన్నగారు పిలిస్తే, "చెయ్యి నొప్పిగా ఉందండీ" అన్నాను. ఏమైందని అడుగుతారనుకున్నాను. చెయ్యి పట్టుకుని చూస్తారనుకున్నాను. "సరే, పడుకో అమ్మా" అని, ఎడమచెయ్యి వెనక్కి పెట్టి ఆయనే తిత్తి ఆడించుకుంటూ కుడిచేత్తో వాయించారు. పాట ఎక్కడా ఆగలేదు. నేను లేకపోయినా ఆగలేదు. గడప దగ్గర నిలబడి చివరిదాకా విన్నాను.

మర్నాటి నుంచి బడి నుంచి రాగానే పశువుల పాకలోకి వెళ్లేదాన్ని. గేదె పక్కన, గడ్డి మోపు మీద కూర్చుని, ఆ పాటనే పాడుకునేదాన్ని. చిన్నా అన్నచోటల్లా వాడి పేరు తీసేసి నా పేరు పెట్టుకునేదాన్ని. ఒకరోజు అలా పాడుతూ తలెత్తితే, పాక ద్వారం దగ్గర నాన్నగారు గడ్డి చేతపట్టుకుని నిలబడి ఉన్నారు. నేను నోరు మూసేశాను. ఆయన గడ్డి అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఆ తరవాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కొన్నాళ్లకి చెయ్యి నొప్పి తగ్గిందని చెప్పి మళ్లీ తిత్తి దగ్గర కూర్చున్నాను. ఆయన దగ్గరే సంగీతం నేర్చుకున్నాను కూడా. వాడికి ఆ పాట కట్టారన్న బాధ మాత్రం అలాగే ఉండిపోయింది. తమాషా ఏంటంటే మా తమ్ముడికి సంగీతం అంటలేదు. రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాడు. ఆ పాటలో ఒక్క ముక్క గుర్తులేదు వాడికి. నాకు అక్షరం పొల్లు పోకుండా వచ్చు.

పాప కడుపులో ఉండగా దానికి ఏమేం పాడాలో ఎంత ఊహించుకున్నానో! తీరా అది వచ్చాక, మెడ నిలబడని ఆ పిల్లని ఎత్తుకుంటే నోరు పిడచకట్టుకుపోయేది. ఊపిరి తీస్తోందా, పాలు సరిపోతున్నాయా, ఈ ఎర్రటి మచ్చేంటి, ఇవే ఆలోచనలు. పాట వచ్చేది కాదు. ఫోన్లో జోలపాటలు పెట్టి పక్కన పడేసేదాన్ని. అది ఇంకా గట్టిగా ఏడ్చేది. మొన్న అలా గుక్కపెట్టి ఏడుస్తుంటే నాన్నగారు వచ్చి చేతులు చాపారు. తీసుకుని, కిటికీ దగ్గరికి నడిచి, కాలవ దాటి వచ్చావా అని పాట ఎత్తుకున్నారు. చిన్నా అన్నచోట చిట్టీ అన్నారు, అంతే తేడా. పాప ఏడుపు మానేసి ఆయన నోటి వంకే చూసింది.

ఇన్నేళ్ల మంటా ఒక్కసారిగా పైకి వచ్చింది. "వాడికి కట్టారు. దీనికీ పాడుతున్నారు. నేను పుట్టినప్పుడు ఏం పాడారండీ?" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గానీ నిష్ఠూరంగానే వచ్చింది.

నాన్నగారు పాట ఆపి నా వైపు తిరిగారు. పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతూ నిలబడ్డారు.

"ఆ రోజు పాకలో విన్నానమ్మా నేను" అన్నారు. "ఏం చెప్పాలో తెలీక వచ్చేశాను. నువ్వు పుట్టినప్పుడు నాకు పాట రాలేదు. భయం వచ్చింది. గుప్పెడంత ఉన్నావు. నా మోటు చేతుల్లోంచి ఎక్కడ జారిపోతావోనని, మీ అమ్మ నిన్ను అందిస్తుంటే పొలంలో పనుందని ఎల్లిపోయేవోణ్ణి. నెమ్మదిగా నిన్ను ఎత్తుకుని ఎత్తుకుని అలవాటు పడ్డాను. నీ తమ్ముడొచ్చేసరికి చేతులకి భయం పోయింది. అప్పుడు నోట్లోంచి పాటొచ్చింది. అంతేనమ్మా."

వారం రోజులుగా ఫోను పక్కన పెట్టుకుని నేను పడుతున్న అవస్థ ఆయన ఒకప్పుడు పడ్డదేనని నాకు తోచనే లేదు.

"నీకూ వస్తుందిలే. కంగారెందుకు?" అన్నారు.

ఆ మాటతో గుండె తేలికపడింది. కుళ్లు మాత్రం పూర్తిగా పోలేదు. మొదటి బిడ్డగా నాన్నగారి భయమంతా నా వాటాకి వచ్చింది. నా కూతురికి నా భయం దక్కినా, దాంతోపాటు ఆయన పాట కూడా దక్కుతోంది. ఆ చేతుల్లో అది ఎంత నిశ్చింతగా ఉందో చూస్తే నాకు ఇప్పటికీ ఉడుకుమోతుతనమే.

వెనక తలుపు తీస్తే ఇప్పుడు చేలు లేవు. అన్నీ చేపల చెరువులు. కప్పల గోల పోయి, నీళ్లు చిలికే ఏరియేటర్ల రొద ఒక్కటే రోజంతా. పశువుల పాకలో మా తమ్ముడి మేత బస్తాలున్నాయి. రామాలయంలో భజనకి మనుషులు రారు, మైకులో పాటలు వేస్తారు. హార్మోనియం రీడ్లు చెమ్మకి తుప్పుపట్టి, బాగుచేసేవాళ్లు దొరక్క, పెట్టె అటక మీదికి పోయింది. మామ్మ లేదు, పనసాకు బుట్టలు కుట్టే ఓపిక ఎవరికీ లేదు.

ఈ రోజు కూడా నీళ్లు పోశాక పాపని చాప మీద పడుకోబెట్టి నాన్నగారు పాట అందుకున్నారు. నేను మెల్లిగా వెళ్లి పాప పక్కనే, చాప చివర ఒరిగి పడుకున్నాను. మామ్మ వెన్నకుండ దగ్గరికి వచ్చేసరికి పాప కళ్లు మూతలు పడ్డాయి. నాన్నగారు పాట ఆపి, చప్పుడు కాకుండా లేవబోయారు.

"ఆపకండి నాన్నగారూ" అన్నాను. "నేనింకా నిద్రపోలేదు."