గట్టు అవతలి వరస

దయ్యాలను నేను నమ్మను. ఇంట్లో బైబిలు, బడిలో సైన్సు పాఠం, రెండుచోట్లా వాటికి చోటు లేదు. పిల్లలు దయ్యం కథలు మొదలుపెడితే స్కేలు తీసే టీచర్ని నేను. అందుకే ఈ సంగతి విజయవాడలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ స్కేలు నాకే చూపిస్తారు.

డెబ్బైల చివర, దివిసీమను ఉప్పెన ముంచిన మరుసటి ఏడాది. మా చర్చి ఆడవాళ్ళం బియ్యం, బట్టలు పట్టుకుని సముద్రం ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ సువార్తమ్మ పరిచయమైంది. "బియ్యం సరేనండీ, మా మడ చెట్లు మాకు తెచ్చిపెట్టగలరా?" అని అడిగింది.

ఊరికీ సముద్రానికీ మధ్య అడవిలా ఉండే మడ చెట్లను వంటచెరకు కోసం ఏళ్ళ తరబడి కొట్టేశారట. ఉప్పెన రోజు, మిగిలిన నాలుగు చెట్లను కావలించుకున్నవాళ్ళు బతికారు. సువార్తమ్మ బతికింది. ఆమె తోటికోడలు ఏసమ్మ చెట్టు అందక కొట్టుకుపోయింది.

చెట్లు మళ్ళీ పెంచుదామనుకున్నాం. కానీ ఆ బురద నేల మీద అప్పటికే ఉప్పు మళ్ళ వాళ్ళ కన్ను పడింది. పంచాయతీ ప్రెసిడెంటు గారు ఒకటే మాట చెప్పారు. వేసవి దాటేసరికి మొక్క నిలబడితే నేల ఊరికి, లేకపోతే ఉప్పు మళ్ళకు.

ఉప్పుపొన్న అనే మడ చెట్టు కాయలు ఏరాం. చెట్టుకు మునక్కాయల్లా వేలాడే కాయలవి. మొన కిందికి పెట్టి బురదలో గుచ్చితే మొక్కవుతుంది. ఇక మా బుద్ధి చూడండి. నేను ఉయ్యూరు పక్క రైతుబిడ్డను. సువార్తమ్మ వాళ్ళు ఏటా మా వైపు వరినాట్లకు వచ్చేవాళ్ళు. బురద కనిపించేసరికి అందరికీ వరిచేనే గుర్తొచ్చింది. నీళ్ళు నిలవాలని చుట్టూ గట్టు పోశాం. ఒక్కొక్కరం ఒక్కో వరస పట్టుకుని, వెనక్కి నడుస్తూ నాటడం మొదలుపెట్టాం.

గట్టు పక్క వరస నాది. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. వంగి నాటుతుంటే గట్టు అవతల, సముద్రపు పోటు వచ్చే ఉప్పు కాలువ వైపు, ఇంకో మనిషి నాతో సమానంగా నాటుతోంది. తడిసిన చీర అంచు, మట్టి గాజులు, కాయ గుచ్చే చెయ్యి, అంతే కనిపించాయి. ఊళ్ళో ఆవిడెవరో ఆలస్యంగా వచ్చిందనుకున్నాను. నేను వెనకబడితే ఆమే ఆగేది. నడుం పట్టేసి "కాస్త నెమ్మదిగా కానివ్వండమ్మా" అంటే చిన్నగా నవ్వింది. పక్కన తోడుందని నాకు హాయిగా కూడా అనిపించింది.

వరస ముగించి నడుం ఎత్తి చూస్తే అవతల ఎవరూ లేరు. గట్టు పొడవునా కాయలు మాత్రం వరసగా నాటి ఉన్నాయి. మా వరసల్లో మోకాలి లోతు అడుగులు పడ్డాయి. ఆ వరస పక్కన ఒక్క అడుగూ లేదు. నీళ్ళు చెరిపేశాయనుకుందామంటే అప్పటికింకా పోటు రాలేదు.

అందరినీ అడిగాను. గట్టు దాటి ఎవరూ వెళ్ళలేదన్నారు. సువార్తమ్మ మాత్రం, "ఏ చేత్తో నాటిందండీ?" అంది.

ఎడమ చేత్తో. ఆమె అడిగాకే నాకు తట్టింది.

సువార్తమ్మ గట్టు మీద కూలబడింది. నాట్లలో ఎడం చేతివాటం మనిషిని వరసల చివర నిలబెడతారు, పక్కవాళ్ళ చేతికి అడ్డు రాకుండా. ఏసమ్మ చోటు ఎప్పుడూ అదేనట. సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూనే విసుక్కుంది. "బతికున్నప్పుడూ ఇంతేనండీ. చెప్పిన చోట ఏనాడూ నాటి చావలేదు."

వేసవి వచ్చింది. గట్టు లోపల నిలిచిన నీరు ఎండకు కాగి మా మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. వరికి నీరు నిలవాలి, మడకు నీరు వచ్చి పోవాలి. అంతమందిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. పోటుకు మునుగుతూ, నీరు తీశాక తేలుతూ, గట్టు అవతలి ఆ ఒక్క వరస మాత్రం ఆకులు వేసింది.

ప్రెసిడెంటు గారు వచ్చి ఆ వరస చూశారు. "మొక్క నిలబడితే అన్నాను. నిలబడిందిగా," అన్నారు. నేల ఊరికి దక్కింది. ఆ రోజు నాకు ఆనందంతో ఏడుపు ఆగలేదు.

ఆ చెయ్యి ఎవరిదో నేను ఇప్పటికీ చెప్పలేను. ఎండదెబ్బ అని సరిపెట్టుకుందామంటే, ఎండదెబ్బ మొక్కలు నాటదు కదా.

గట్టు తెంపేసి మరుసటి ఏడాది మళ్ళీ నాటాం. అప్పటికి ఆ పాత వరస నడుమెత్తు పెరిగింది, దాని వేళ్ళ మధ్య పీతలు చేరాయి, వాటి కోసం కొంగలు వచ్చాయి. నేను కిందటేడులాగే చివరికి వెళ్ళి నిలబడబోతే సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

"ఇటు రండి టీచరుగారూ. అది మా ఏసమ్మ చోటు."

అక్కడ ఒక బుట్ట నిండా కాయలు పెట్టి వచ్చింది. సాయంత్రం దాకా నేను అటు తల తిప్పలేదు. భయపడి కాదు. పని చేసుకునే మనిషిని అలా తేరిపార చూడకూడదనిపించింది.