పద్మక్కకు లొంగని విషం

నిన్న పొద్దున కార్తియే మిలితేర్ ఊరి నుంచి పద్మక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ లేదు" అంది.



ఆదివారమే కదా మాట్లాడాం. నా మోకాళ్ళ గురించి పెద్ద క్లాసు పీకింది కూడా.

పద్మక్క మా పెద్దమ్మ కూతురు. మా దీవికి ఇండిపెండెన్స్ రాకముందు లాల్మతీ ఊళ్ళో రెండు కుటుంబాలం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

పెదనాన్నకు ఎస్టేట్‌లో చెరకుకు పురుగుల మందు కొట్టే పని. ఒకరోజు అన్నం తింటూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తర్వాత అది మామూలైపోయింది. అమ్మోరికి కోపమొచ్చిందన్నారు కొందరు. అక్క మాత్రం మందునే అనుమానించింది.

అక్క అప్పట్లో మోకా వైపు ఒక ల్యాబ్‌లో అసిస్టెంట్. అక్కడ ఒక ఇంగ్లీషు దొర మేక లివర్ మీద రీసెర్చ్ చేసేవాడు. లివర్‌లో ఒక ఎంజైమ్ ఉంటుందట. కొన్ని విషాలకు నీటిని జోడించి వాటి బలం తీసేస్తుందట. ఇప్పుడు దాన్ని ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అంటున్నారు.

పెదనాన్న కొట్టే మందును కూడా అది లొంగదీస్తుందా? అక్కకు కావలసింది ఆ ఒక్క జవాబే.

ఆ ఏడు అమ్మోరి పండగకు మేకను కోశారు. లివర్ కోసం అక్క ముందే ఐసు ఫ్లాస్క్ ఇచ్చి వెళ్ళింది. పెద్దమ్మ దాన్ని బస్సులో ల్యాబ్‌కు మోసుకెళ్ళింది. మూత తీస్తే లివర్ నిండా ఉప్పూ పసుపూ.

"పసుపు ఎందుకు పెట్టినావమ్మా?"

"దొర దగ్గరికి పచ్చి మాంసం అట్లే పంపేదా? దిమూన్ కి పూ దీర్?"

నలుగురూ ఏమంటారోనని ఆవిడ బాధ ఆవిడది. శాంపిల్ తిరిగొచ్చి సాయంత్రం కూరైంది. అక్క కూడా రెండుసార్లు వడ్డించుకుంది.

తర్వాత కసాయి దగ్గర లివర్ తెచ్చుకుని పని మొదలుపెట్టారు. అలాంటివే వేరే మందులు కొన్ని ఆ ఎంజైమ్‌కు లొంగాయి. పెదనాన్న కొట్టే మందు దగ్గర మాత్రం దాని పప్పులు ఉడకలేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

అక్క ఇంటికొచ్చి, ఆ మందును లివర్ విరిచెయ్యలేదని, అది ఒంట్లోనే పేరుకుంటుందని ఉన్నదున్నట్టు చెప్పింది.

పెద్దమ్మ అంతా విని, "తెలిసింది కదా, ఇప్పుడేం చేద్దాం?" అని అడిగింది.

అక్క వెళ్ళి పెదనాన్న పక్కన కూర్చుంది.

పని మానెయ్యమని బతిమాలింది. "మానేస్తే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?" అన్నాడు పెదనాన్న. మర్నాడు మళ్ళీ పనికి వెళ్ళాడు.

కొత్త జెండా ఎగిరిన ఏడే ఆయన పోయాడు. చివరి రోజుల్లో ఫిట్స్ వచ్చినప్పుడల్లా అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఒళ్ళు అదరడం ఆగేదాకా కూర్చునేది. ఆ విషం సంగతి మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది తనకే. అయినా చేయగలిగింది అంతే.

ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండిపోతుంది. ఎవరి మీద మండాలో తెలియదు.

నిన్న డాక్టర్ అక్క గుండె ఎందుకు ఆగిందో వివరంగా చెప్పాడట. కూతురు నాకూ చెప్పింది. అంతా అర్థమైంది. అర్థమై ఏం లాభం?

పద్మక్కా, చేతనైనంతా చేశావు. ఇక ఎవరికీ ఏ జవాబూ చెప్పక్కర్లేదు. నిమ్మళంగా పడుకో తల్లీ, నీ ఆత్మ చల్లగా ఉండాలి.