సలోమి నేర్పిన దూకుడు

ఉదయగిరి చర్చి ఆవరణలో పొద్దున్నే పిల్లలకు చైనా యుద్ధవిద్య వుషు నేర్పే సలోమి ఎవర్నీ కసరదు. చున్నీ నడుముకు బిగించి, తప్పుగా పడిన పాదాన్ని తన బొటనవేలితో మెల్లగా జరిపి సరిచేస్తుంది. బీజింగ్ ఏషియన్ క్రీడలకు ఖాయమైన ఆమె పేరు కొట్టేయించి, తన మేనకోడల్ని పంపిన వుషు సంఘం పెద్ద మాలకొండయ్య, ఎనిమిదేళ్ల తర్వాత బ్యాంకాక్ ఏషియన్ క్రీడలు జరిగే ఏడాది తన కూతురు హిమజను ఆత్మకూరు నుంచి తెచ్చి అప్పజెప్పినప్పుడు కూడా ఆమె మొహం మారలేదు.

"పాతవి మనసులో పెట్టుకోబాకమ్మా" అన్నాడాయన.

"ఎప్పుడో మరిచిపోయినాను సార్" అనింది.

హిమజకు అన్నీ శ్రద్ధగానే నేర్పింది. గాల్లోకి ఎగిరి, గిర్రున తిరిగి దిగేటప్పుడు మాత్రం మడమ ముందు ఆనించమని చెప్పింది. అట్లా దిగితే కాలు జారుతుందనీ, మార్కులు పోతాయనీ ఆమెకు బాగా తెలుసు. సెలక్షన్లలో హిమజ దిగిన ప్రతిసారీ తూలింది. జట్టులో పేరు రాలేదు. ఆ కబురు విన్న పూట సలోమి చాన్నాళ్లకు కడుపునిండా అన్నం తినింది.

మర్నాడు హిమజ వాచిన కళ్లతో వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "నువ్వు చెప్పినట్టే దిగినానక్కా. నాకే చేతగాలేదు."

సలోమి ఒక్క క్షణం తల దించుకుంది. తర్వాత ఆ పిల్ల కళ్లు తుడిచింది.

"ఏడవబాక. క్రీడలు మళ్లీ వస్తాయి. అప్పటిదాకా ఇంకెవరి దగ్గరికీ పోబాక."