నేను కత్తిరించిన విమానం నీడ

కొన్నేళ్లుగా నేనొక విమానం నీడను మోస్తున్నాను. నీడకు బరువేమిటి అనకండి. విమానమైతే ఎక్కడో ఒకచోట జనాన్ని దించేసి తేలికపడుతుంది. నీడకు ఆ సౌకర్యం లేదు. అది నా మెడ మీద కూర్చుంది. నేను తింటే తింటుంది, పడుకుంటే గురక పెడుతుంది, నాతోపాటే లావెక్కింది. మా ఆవిడ నా మెడనొప్పికి తైలాలు మార్చి మార్చి విసిగిపోయింది. ఆమెకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడలేరు కాబట్టి.

ముందే ఒక మాట. నేను పెంచి చెప్పే రకం. మా వీధి పిల్లిని పులి అని నమ్మించి ఇద్దరికి జ్వరం తెప్పించినవాణ్ని. అందుకని ఇందులో అక్కడక్కడ గాలి కొట్టి ఉంటుంది. అసలు తప్పు దగ్గర మాత్రం గాలి లేదు. అది పుట్టిందే అంత సైజులో పుట్టింది.

శంషాబాద్‌లో నాకు ఫ్లెక్సీలు వేసే షాపుంది. పుట్టినరోజైనా, దశదినకర్మైనా, ఎన్నికలైనా ఎవరి మొహాన్నయినా గోడంత చేసి ఇస్తాను. ఆ పని సందులో పాటలు రాసేవాణ్ని. తొండుపల్లి కుర్రాడు పర్మేశ్ వాటిని పాడేవాడు. తండ్రి వరి, కూరగాయలు పండించే రైతు. కొడుక్కి గొంతు పండింది. ఆ గొంతు వింటే వట్టిపోయిన బర్రె కూడా చెంబెడు పాలిచ్చి, చాలా, ఇంకా కావాలా అని అడిగేది.

పర్మేశ్ టీవీలో పాటల పోటీకి ఎంపికయ్యాడు. అందులో నా పాటే పాడతానన్నాడు. కల్లం దగ్గర అలిగి కూర్చున్న పెళ్లాన్ని మొగుడు బతిమాలుకునే పాట. పాట వచ్చేది ఫలానా ఆదివారం సాయంత్రం అని తెలిసింది. తెలియగానే నేనేం చేశాను? షాపు నాది, మిషను నాది, మొహం కూడా నాదే. ఊరి మొదట్లో నా ఫ్లెక్సీ నేనే కట్టుకున్నాను. 'మన పాట, మన కవి'. దిగుతున్న విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాడు నా మీసంలో తెల్ల వెంట్రుకలు ఏరుకోవచ్చు. అంత పెద్దది. బడంగ్‌పేట్ నుంచి బావమరిది కుటుంబాన్ని పిలిచాను. మటన్ వండించాను. టీవీకి పూలదండ వేద్దామనుకుని, అది పోయినవాళ్లకు వేసినట్టు ఉంటుందని మా ఆవిడ తిడితే మానుకున్నాను.

పర్మేశ్ పాడాడు. ఇప్పటికీ ఒప్పుకుంటాను, అద్భుతంగా పాడాడు. జడ్జిగారు కళ్లు తుడుచుకుని, "ఈ పాట ఎవరు రాశారు బాబూ?" అన్నారు. మా ఇంట్లో మూలుగు బొక్క చీకే చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పర్మేశ్ ఒక్క క్షణం నేల చూశాడు.

"పాత పాట సార్. మా దిక్కు అందరు పాడుకుంటరు. ఎవరు రాసిన్రో తెల్వది."

ఎవరు రాసిన్రో తెల్వది.

మా బావమరిది గొంతు సవరించుకున్నాడు. ఓదారుస్తాడనుకున్నాను. "బావా, జర గా షేర్వ గిన్నె ఇటు జరుపు," అన్నాడు.

తెల్లారి టీ కొట్టు దగ్గర మొదలైంది. "ఏందన్నా, గా ఫ్లెక్సీల ఉన్న మీసాలాయన ఎవరు?" అని ఒకడు. "తెల్వదంట!" అని ఇంకొకడు. నాకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆ వారంలో పోయింది. 'తెల్వది కవి' మిగిలాడు. ఫ్లెక్సీ విప్పి పారేస్తే మా చిన్నాన్న తీసుకుపోయి బర్రెల కొట్టం మీద కప్పాడు. వాన పడితే నీళ్లు సరిగ్గా నా నోట్లో నిలిచేవి.

పర్మేశ్‌ను నేనెందుకు అడగలేదు? ఫోన్ ఉంది, కాళ్లున్నాయి, నోరు ఉండవలసినదానికన్నా ఎక్కువే ఉంది. అయినా అడగలేదు. అడిగితే వాడు ఏదో ఒక జవాబు చెబుతాడు. జవాబు వింటే నా కోపంలో కొంచెమైనా తరిగిపోతుంది. ఆ కోపాన్ని నేను నెయ్యి పోసి పెంచుకుంటున్నాను. దాన్ని తగ్గించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంత నిజం నాకు నేను చెప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

రాసినవాడు ఎవడో తెలియదన్నాడు కదా, తెలియనివాడిగానే రాస్తాను అనుకున్నాను. స్నేహితుడొకడు ఇంటర్నెట్‌లో సినిమా కబుర్ల పేజీ నడిపేవాడు. అందులో 'గుండుసూది' అనే దొంగ పేరుతో రివ్యూలు మొదలుపెట్టాను. టీవీ పోటీల్లో పాడి బయటికొచ్చినవాళ్లు తీసే వీడియో పాటల మీద. పోటీ అయిపోగానే వీడియో పాట తీయడం ఒక ఆచారం. పెళ్లయ్యాక సత్యనారాయణ వ్రతం లాగా తప్పించుకోవడానికి లేదు. ప్రతి వీడియోలో ట్రాక్టరు మీద నల్లకళ్లద్దాల హీరో ఉంటాడు. పత్తి చేనులో పట్టుచీర కట్టుకుని పరుగెత్తే అమ్మాయి ఉంటుంది. ఆమె పరుగెత్తిన మేర ఆ రైతుకు పంట నష్టం. గాయకుడు నెమ్మదిగా వెనక్కి తిరుగుతాడు. ఎంత నెమ్మదిగా అంటే, తిరగడం మొదలుపెట్టినప్పుడు పూతలో ఉన్న చేను తిరగడం పూర్తయ్యేసరికి కోతకొస్తుంది. ఇలా రాసేవాణ్ని. జనం పడీ పడీ నవ్వేవారు. ఆ గాయకులతో నాకు ఏ పగా లేదు. పాపం, వాళ్లంతా నేను కత్తి నూరుకున్న రాళ్లు. నేను ఎదురు చూస్తున్నది ఒక్క మెడ కోసం.

అది వచ్చింది. పర్మేశ్ తన వీడియో పాట తెచ్చాడు. ఈసారి పాట వేరేవాళ్లు రాశారు, వాళ్ల పేరు మొదట్లోనే పెద్దగా వేశాడు. నా మంట మీద అదొక డబ్బా కిరోసిన్. వాళ్ల పొలంలోనే తీశారు. ఎయిర్‌పోర్టు పక్కన డ్రోన్ ఎగరేస్తే పాటకంటే ముందు పోలీసులు విడుదలవుతారు కాబట్టి, కెమెరామన్ వాటర్ ట్యాంకు ఎక్కి పైనుంచి తీశాడు. తప్పు వెతుకుతూ చూశాను. మళ్లీ చూశాను. గొంతులో దొరకలేదు. చివరికి పెదవుల్లో దొరికింది.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. విమానాశ్రయం వచ్చాక మా ఊళ్లలో జనం మాట్లాడే తీరు మారింది. నెత్తి మీద విమానం పోతుంటే నోరు మూస్తాం. అరిచి చెప్పడం, ఆనక మళ్లీ చెప్పడం ఉండదు. ఎక్కడ ఆపామో విమానం పోయాక సరిగ్గా అక్కడినుంచి అందుకుంటాం. కొట్లాటలో "నీ అమ్మ..." దగ్గర ఆగి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, విమానం పోయాక మిగతా తిట్టు పూర్తి చేసినవాళ్లను చూశాను. తాళి పట్టుకుని ఆగిన పెళ్లికొడుకును చూశాను. ఇది ఆలోచించి చేసేది కాదు. రెప్ప వేసినట్టు, నోరు దానంతటదే మూసుకుంటుంది.

వీడియో పాటకు గొంతు ముందే స్టూడియోలో రికార్డు చేస్తారు. షూటింగ్‌లో ఆ పాట స్పీకర్లో పెడితే గాయకుడు పెదవులు కదుపుతాడు. రెండో చరణంలో పర్మేశ్ పెదవులు కాసేపు మూసుకున్నాయి. గొంతు మాత్రం సాగిపోతూనే ఉంది. సరిగ్గా అదే క్షణంలో, ఫ్రేము కుడి అంచున, పచ్చటి వరి మీద ఒక నల్లటి నీడ పాకిపోతోంది. రెక్కలు, తోక అన్నీ తెలుస్తున్నాయి. విమానం నీడ.

నాకు వెంటనే అర్థమైంది. నాకు కాక ఎవరికి అర్థమవుతుంది? ఆ క్షణం అక్కడ నేనున్నా నా నోరూ మూసుకునేది.

ఆ ముక్కను విడిగా తీశాను. ఫ్లెక్సీలు వేసేవాడికి కత్తిరించడం ఒక లెక్కా? కుడి అంచు కోసేశాను. నీడ పోయింది. మూసుకున్న పెదవులు మిగిలాయి. వాటి చుట్టూ ఎర్రటి వలయం గీశాను. 'నోరు మూసుకున్నా గొంతు పాడుతోంది. తన పాటే అయితే తనకు రాదా? ఇంతకీ ఈ గొంతు ఎవరిది?' అని రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను. దాన్ని రాస్తున్నప్పుడు నాకు కలిగిన సుఖం, దేవుడి సాక్షిగా, నా పెళ్లినాడు కూడా కలగలేదు: 'ఎవరు పాడారో తెలియదు.'

ఆ ముక్క ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే పక్కవాడు నాకే చూపించాడు. "చూసినవా అన్నా, పెద్ద దొంగ ఉన్నడు గీడు." నేను అప్పుడే మొదటిసారి చూసినట్టు నోరు తెరిచి ఆశ్చర్యపోయాను. ఆ రోజు బస్సులో నిలబడి వచ్చినా ఏనుగు అంబారీ మీద వచ్చినట్టే ఉంది.

పర్మేశ్‌కు పెళ్లిళ్లలో, బోనాలప్పుడు స్టేజీ ప్రోగ్రాములు ఉండేవి. ఒక్కొక్కటే జారిపోయాయి. రెండో వీడియో తీస్తామన్నవాళ్లు ముఖం చాటేశారు. వాడు కిరాయి కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకు జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. నాకు దుఃఖం కలిగిందా? లేదు. అబద్ధమెందుకు? అంత దూరం పోతుందనుకోలేదని కొన్నిసార్లు అనుకున్నాను. ఇంకా పోతే బాగుండునని ఇంకొన్నిసార్లు అనుకున్నాను. రెండూ నేనే.

ఒక మధ్యాహ్నం వాడు నా షాపుకొచ్చాడు.

"అన్నా, ఒక ఫ్లెక్సీ గావాలె."

"ఏం ప్రోగ్రాం?"

"ఏదున్నా ఎనుక కట్టుకునేటందుకు. నా ఫోటో ఎయ్యి. కింద పెద్దగ రాయి, 'పాడేది నేనే' అని."

"గిదేం రాతరా?"

"ఇగ ఏం జెయ్యాలె అన్నా? పాట షురూ జేసుడుతోనే టేపు బంద్ చెయ్ అని ఒర్లుతున్రు. మొన్న ఒక పెండ్లిల పిల్లగాని మేనమామ స్టేజీ ఎక్కి నా గొంతు మీద చెయ్యి వెట్టి చూసిండు, నిజంగ కదుల్తుందా అని."

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. వాడి నవ్వు నా నవ్వుకంటే ముందే అయిపోయింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి టైపు చేయడం మొదలుపెట్టాను. 'పాడేది'. ఏ రంగు కావాలని అడిగాను. ఎరుపు అన్నాడు. ఆ వలయం గీసిన ఎరుపే.

"అన్నా, నీకొక మాట చెప్పాలె. శాన దినాలసంది చెప్పాలె అనుకుంటున్న. గా దినం టీవీల నేను నీ..."

విమానం వచ్చింది. వాడి నోరు మూసుకుంది. నా వేలు మీట మీద ఆగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం. చప్పుడు దూరమైంది.

"...పేరు చెప్పలే. రాసినోడుంటే సంతకం జేసిన కాయితం గప్పటికప్పుడు తేవాలె, లేకుంటే వేరే పాట పాడుమన్నరు టీవోళ్లు. భయపడ్డ. పాత పాట అని చెప్పేసిన. తప్పు నాదేనే అన్నా. గప్పటిసంది నీ మొకం చూడ శాతనైతలేదు."

ఇదీ సమయం. నాకోసం తలుపు బార్లా తీసి ఉంది. 'నేను కూడా ఒకటి చేశానురా' అంటే చాలు. నేనేం చేశానో చెప్పనా? వాడి భుజం తట్టి, "పోనీ తియ్యి, అయిందేదో అయింది," అన్నాను. క్షమించేశాను! వాడి గొంతు కోసిన చేత్తోనే వాడికి క్షమాభిక్ష పెట్టాను.

వాడు కళ్లు తుడుచుకుని, తెర మీది తన ఫోటో చూస్తూ అన్నాడు. "గా రివ్యూ రాసినోడెవడో గని అన్నా, మన దిక్కోడు మాత్రం కాదు."

"గట్లెట్ల చెప్తవ్?"

"మన దిక్కోడైతే ఇమానం వొయ్యిందని సమజైతుండె. బయటోళ్లకు ఎంత చెప్పినా నమ్ముతలేరు. మనోడు గిట్ల రాయడు. నీకేమన్న ఎరుకనా, ఎవడు రాసిండో?"

"ఎవరు రాసిన్రో తెల్వది," అన్నాను.

ఆ మాటను వాడికి తిరిగి ఇవ్వాలని ఎన్నేళ్లు దాచుకున్నాను! ఇచ్చేశాను. అది వాడికి తగలనే లేదు. వాడు తలూపి, నేను అచ్చు వేసి ఇచ్చిన ఫ్లెక్సీ చుట్టుకుని, కారు డిక్కీలో పెట్టుకుని పోయాడు. మెడనొప్పి ఆ మధ్యాహ్నమే మొదలైంది.

నేనిప్పుడు మంచివాణ్ని అయిపోయానని అనుకోకండి. బర్రెల కొట్టం గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. వాడు నా పేరు మింగిన మాట నిజం. కానీ వాడు భయపడి మింగాడు, తర్వాత వచ్చి నా ఎదుట కక్కాడు. నేను తీరిగ్గా కూర్చుని, అంచు కొలుచుకుని కోశాను. ఈ రెండూ తూకంలో సమానమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మాటలు పెంచడంలో ఇంత నేర్పున్నవాణ్ని, ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం నిలబెట్టలేకపోయాను.

అసలు వీడియో ఇంకా ఉంది. రెండో చరణం దగ్గర పెదవులు చూడకండి, కుడి అంచున వరి చూడండి. నీడ దొరుకుతుంది.

ఇది రాస్తుండగా ఇప్పుడే పైనుంచి ఒకటి పోయింది. చెయ్యి దానంతటదే ఆగింది. మా దిక్కు పద్ధతి ప్రకారం, విమానం పోయాక ఎక్కడ ఆపామో అక్కడినుంచే మాట అందుకోవాలి. ఆ మధ్యాహ్నం షాపులో నేను అందుకోకుండా వదిలేసిన మాట ఒకటుంది. పర్మేశ్ ఫ్లెక్సీ మీద వేసినంత పెద్ద అక్షరాల్లో, అదే ఎరుపులో అనుకుని చదువుకోండి.

రాసింది నేనే.