నాన్న గుంతల నోటుబుక్కు పట్టుకుని మార్టూరు దారిలో

ఎనభైల నడుమ ఒక నవంబరు మొదట్లో చేసిన ప్రయాణం ఇది. గుంటూరు నుంచి మార్టూరు, అక్కణ్ణుంచి అద్దంకి వైపు మా పల్లె. మొత్తం కలిపినా డెబ్బై ఎనభై కిలోమీటర్లకు మించదు, దీన్ని కూడా ప్రయాణమంటారా అని మీరు నవ్వొచ్చు. నన్ను బయల్దేరదీసింది ఒక ఉత్తరం. మా పాలెంలో సమాధులు తవ్వే యేసోబు బాబాయి ఎవరిచేతో రాయించాడు: "మాస్టారి రాయి పగిలింది. నేలలోకి దిగింది. పండక్కి అమ్మగారు వస్తారు గదా, నువ్వు ముందే రా." మాస్టారంటే మా నాన్న. ఊరి మిషన్ బడిలో భూగోళం చెప్పేవాడు, ఆ మే నెలలోనే పోయాడు. రాయంటే ఆయన సమాధి మీద పరిచిన పలక. పండగంటే సమాధుల పండుగ, నవంబరు రెండున మా క్రైస్తవులంతా సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. గుంటూరులో నా దగ్గర ఉంటున్న అమ్మకు నాన్న లేని మొదటి పండుగ అది. పగిలిన రాయి అమ్మ కంట పడకూడదు. నాకున్నది ఒక్క రోజు.

పొద్దున అయిదున్నరకు గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సెక్కాను. మార్టూరుకు ఏడు రూపాయల చిల్లరో ఏమో టిక్కెట్టు. కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాను, మీరూ అటే కూర్చోండి, చిలకలూరిపేట లోపు కొండవీడు కొండలు కనిపిస్తాయి. ఒళ్ళో నాన్న నోటుబుక్కు ఉంది. రాయి కొన్న రసీదు కోసం ట్రంకుపెట్టె తిరగేస్తుంటే దొరికింది. అట్ట మీద "నేల దిగిన చోట్లు" అని ఆయన చేతిరాత. వ్యాలీ, గార్జ్, రవీన్, పిట్, హాలో, అన్నీ భూగోళం పాఠంలోని ఇంగ్లీషు మాటలు. ఒక్కో మాటకు ఒక్కో పేజీ, ఒక్కో పేజీలో మా చుట్టుపక్కల ఒక ఉదాహరణ.

అరచెయ్యంత చదునైన పత్తి చేల మధ్య బడి మాది. పరీక్షలో ఈ మాటలన్నిటికీ "గుంత" అని ఒకే అర్థం రాసేవాళ్ళం. నాన్నకు ఒళ్ళు మండేది. "ఎవరు చేశారు? ఎలా చేశారు? ఈ రెండూ అడగండర్రా, మాట దానంతటదే విడిపోతుంది," అనేవాడు. వ్యాలీ పేజీలో "కొండవీడు దగ్గర రెండు కొండల మధ్య పల్లం, ఎద్దులు దున్నగలిగేంత వెడల్పు" అని ఉంది. తల తిప్పి చూస్తే ఆ పల్లంలో నిజంగానే ఎవరో అరక తోలుతున్నారు. గార్జ్ దగ్గర "ఇదీ నీరు కోసిందే, కానీ ఇరుకు, రెండు పక్కలా నిట్టనిలువు గోడలు. మన దగ్గర లేదు. శ్రీశైలం దగ్గర కృష్ణ. చూడాలి" అని రాసుకున్నాడు. ఆ "చూడాలి" కింద గీత కూడా ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మాటను ఆయన ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. నేను ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది, ఒక్క ఆదివారం తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది. బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చాను.

ఏడున్నరకు మార్టూరులో దిగాను. రోడ్డు పక్క హోటల్లో నాలుగు ఇడ్లీ తిని, మే నెలలో రాయి కొన్న చోటికే వెళ్ళాను. అప్పటికి అక్కడ రాయి కోసి పాలిష్ పట్టే షెడ్లు కొన్నే ఉండేవి. సాయంత్రానికి కొత్త రాయి, పేరు చెక్కి ఇవ్వగలరా అని అడిగితే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు.

"రేపు సమాధుల పండగ గదండీ, వారం నుంచీ పని మీదే ఉన్నాం. పేరు చెక్కాలంటే మూడ్రోజులు. అయినా పాత రాయికేమైంది? మా రాయి పగలదే?"

"కింద నేల దిగింది."

"ఎప్పుడు పెట్టారేంటి?"

"మేలోనే. పోయిన పదో రోజున."

ఆయన తల ఊపి మళ్ళీ పనిలో పడ్డాడు. మా నల్లరేగడి సంగతి తెలిసినవాడు. షెడ్డు వెనక రాయి తీసిన గొయ్యి, అడుగున నీళ్ళు. నాన్న పుస్తకంలో పిట్‌కు ఉదాహరణ అదే: "మనిషి తవ్వింది. లోపల ఉన్నది కావాలని తవ్వింది."

తొమ్మిదింటి పల్లె బస్సుకు మా ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగి రెండు కిలోమీటర్లు నడిచాను. పత్తి విచ్చే రోజులు, దారి పొడుగునా తుమ్మకొమ్మలకు దూది చిక్కుకుని ఉంది. వాగు ఒడ్డున వాన కోసేసిన లోతు సందులు, నాన్న పుస్తకంలో రవీన్ అంటే అవే. వాటి పక్కనే శ్మశానం. యేసోబు బాబాయి పలుగూ పారా పట్టుకుని నాకోసం కాచుకుని ఉన్నాడు.

రాయి సరిగ్గా నాన్న పేరు మధ్యలో పగిలింది. ఒక ముక్క పక్కకు ఒరిగింది, రెండోది మూరెడు లోతుకు దిగి దాని మీద వాననీళ్ళు నిలిచాయి.

"అప్పుడే చెప్పానమ్మాయ్, ఇన్నావా? ఎండాకాలం నెర్రెలిచ్చిన నేల ఇది. గడ్డలు గడ్డలుగా పూడుస్తాం, లోపలంతా డొల్లే. ఒక వాన పోతే గానీ మట్టి కూర్చోదు. దిగినప్పుడల్లా మళ్ళీ మట్టెయ్యాల, ఆ తర్వాతే రాయి. నువ్వేమో సెలవు అయిపోతందన్నావ్."

అన్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా సెలవు పది రోజులు. అంతలో అన్నీ పూర్తిచేసి వెళ్ళిపోవాలనుకున్నాను. నాకు మొదట్నుంచీ అన్నిటికీ తొందరే.

"సిమెంటు వేసి అతికిద్దాం బాబాయ్. రేపు అమ్మ వస్తుంది."

"మళ్ళీ అదే పనా? మళ్ళీ దిగుద్ది. రాయి తీసేద్దాం. మట్టి పోసి తొక్కుదాం."

ఆయన తమ్ముణ్ణి కేకేశాడు. ముగ్గురం కలిసి రాయి ముక్కలు తీసి గోడకు ఆనించాం. నీళ్ళు తోడేసి, వాగు దగ్గరి మట్టి తట్టలతో మోసి పోశాం. నిండాక బాబాయి పక్కకు జరిగి, "ఇక తొక్కమ్మా" అన్నాడు. నేను కదల్లేదు.

"నాన్న మీద కాళ్ళు పెట్టలేను బాబాయ్."

"తొక్కేది మట్టినమ్మా, మీ నాన్నని కాదు. మా నాన్నకు నేను తొక్కా. బిడ్డలే తొక్కాల, వేరేవాళ్ళు తొక్కితే మనసొప్పుద్దా?"

చెప్పులు విడిచి ఎక్కాను. మట్టి మెత్తగా ఉంది, అడుగు వేసినచోటల్లా దిగింది. మళ్ళీ పోశారు, మళ్ళీ తొక్కాను. నాన్నా, క్షమించు అని పైకే అన్నాను. మధ్యాహ్నం రెండింటికి అది నేలకు జానెడు ఎత్తున నిలిచింది.

చేతులు కడుక్కుని చెట్టు కింద కూర్చుని నోటుబుక్కులో మిగిలిన ఆఖరి పేజీ తిప్పాను. హాలో. "ఎవరూ తవ్వనిది. నేల తనంతట తాను కూర్చుంటే ఏర్పడేది. ఉదాహరణ: కొత్త సమాధి మీద మొదటి వాన తర్వాత. అయిదో తరగతికి శ్మశానంలో చూపించాను. మా అమ్మాయి భయపడి రాలేదు."

ఆ రోజు నాకు గుర్తుంది. బయట గేటు దగ్గరే నిలబడ్డాను, తర్వాత పక్కపిల్ల పుస్తకం చూసి ఆ అర్థం బట్టీపట్టాను. పరీక్షలో పదికి పది వచ్చింది.

సాయంత్రం నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. మర్నాడు అదే దారిలో అమ్మను తీసుకొచ్చాను. బంతిపూల సంచీ చేత్తో పట్టుకుని అమ్మ ఆ మట్టి దిబ్బ ముందు నిలబడింది.

"రాయి ఏదే?"

అబద్ధం ఒకటి సిద్ధం చేసుకునే వచ్చాను, నోటికి రాలేదు. జరిగిందంతా చెప్పేశాను. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని అరచేత్తో సర్దింది.

"అప్పుడే చెబుదామనుకున్నా. వాన పడి మట్టి కూర్చునేదాకా రాయి పెట్టొద్దని ముప్పై ఏళ్ళు మీ నాన్న ఊరందరికీ చెప్పినమాటే గదా. నువ్వు తొందరలో ఉన్నావు, నీకు అడ్డమెందుకులే అని ఊరుకున్నా."

తర్వాతి ఏడాది రాయి పెట్టించాం, ఇప్పటికీ కదల్లేదు. అమ్మ కూడా ఇప్పుడు ఆ పక్కనే ఉంది. ఆమెకు మాత్రం రెండు వానాకాలాలు ఆగాను, నాలుగుసార్లు వెళ్ళి మట్టి వేసి తొక్కి వచ్చాను. అన్నాళ్ళూ ఆమె కోసం చెయ్యాల్సిన పని ఒకటి ఉండేది, అది అయిపోయిన రోజే అమ్మ నిజంగా లేదనిపించింది. శ్రీశైలం వెళ్ళి కృష్ణ గార్జ్ కూడా చూశాను. ఎంత లోతో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

ఈ వైపు వెళ్ళేవాళ్ళకు ఒకే సలహా. బస్సులూ రోడ్లూ అన్నీ మారిపోయాయి, వాటి సంగతి అక్కడే కనుక్కోండి. నల్లరేగడిలో మీవాళ్ళను పెట్టి వచ్చుంటే మాత్రం రాయి మాట తర్వాత, మొదటి వాన పడిన వారంలో ఒకసారి వెళ్ళండి. చెప్పులు విడిచి వెళ్ళండి.